మిక్సీ జ్యూసర్ జార్‌తో ఇంట్లో ఫ్రూట్ కాక్‌టెయిల్స్: కొన్ని వేసవులు వాడాక చెప్తున్నా

కాక్‌టెయిల్ అంటే ఇక్కడ మందు కలిపింది కాదండి, రెండు మూడు రకాల పళ్ల రసాలు కలిపి చల్లగా తాగేది. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె దాటేదాకా ఎండ కన్నా ఉక్కపోతే ఎక్కువ చంపేస్తది, చుట్టూ కాలవలు, చేలు, కొబ్బరితోటలు, ఊరికే కూర్చున్నా చెమటే. అందుకే మిక్సీతో పాటు వచ్చిన జ్యూసర్ జార్, అదేనండి మధ్యలో జాలీ గొట్టం ఉండేది, మా ఇంట్లో వేసవంతా గట్టు మీదే ఉంటది.

ఇది బ్రహ్మాండంగా పనిచేసేది రసాల మామిడిపళ్లకి. పెద్దరసం గానీ చిన్నరసం గానీ గుజ్జు పిండి జాలీలో వేసి, లేత బొండం నీళ్లు పోసి తిప్పితే పీచంతా లోపలే ఆగిపోయి నున్నటి రసం వస్తది, దాంట్లో అరచెక్క నిమ్మకాయ, చిటికెడు ఉప్పు, అంతే, పంచదార అక్కర్లేదు. మా ఇంటికొచ్చిన వాళ్లు మళ్లీ అడిగి తాగేది ఇదే. బంగినపల్లికి పీచుండదు కాబట్టి జాలీ దండగ, మామూలు జార్ చాలు. చక్కెరకేళి అయితే అసలు వద్దు, జాలీ మొత్తం మూసుకుపోద్ది.

పుచ్చకాయకి గింజలు తీసేసి, నాబ్ ఎడమవైపుకి తిప్పి ఆగి ఆగి రెండు మూడు సార్లు కొడితే చాలండి. గ్లాసులో పోశాక పావుగంట నానిన సబ్జా గింజలు, చాకుతో చిన్నగా కోసిన తాటిముంజలు వెయ్యండి. ముంజల్ని మాత్రం దయచేసి మిక్సీలో పడెయ్యకండి, పంటికింద జారే ఆ మెత్తదనం పోతే ఇంకేం మిగలదు.

పైనాపిల్ రసం అల్లం, బెల్లంతో అద్భుతం. పాలు, ఐస్‌క్రీమ్ కలిపితే మాత్రం కాసేపటికే చేదొచ్చేస్తది, పైనాపిల్‌లో ఉండే బ్రొమెలైన్ అనే ఎంజైమ్ పాలల్లో ప్రొటీన్ని విరగ్గొడతది, అదీ కారణం. పాలతోనే కావాలంటే ముక్కల్ని పంచదార వేసి ఉడికించి, చల్లారాక కలపండి, వేడికి ఆ ఎంజైమ్ పోతది.

బత్తాయికి ఈ జార్ పనికిరాదు. గింజలు, తెల్లతోలు బ్లేడ్ కింద నలిగి చేదెక్కేస్తది, దానికి చేత్తో నొక్కే ప్రెస్సే మేలు, అదీ అందరూ వచ్చి కూర్చున్నాకే పిండాలి, ఎందుకంటే పిండి ఉంచినా బత్తాయి రసం చేదు తిరుగుద్ది.

ఇంక ఐస్ సంగతి, ఇది గట్టిగా చెప్పాలి. మన వైపు చేపలకీ రొయ్యలకీ వేసే దిమ్మ ఐస్ ఎక్కడ పడితే అక్కడ దొరుకుద్ది, చవగ్గా వస్తుంది కదా అని తాగేదాంట్లో వెయ్యకండి, అది తాగేనీళ్లతో చేసిందని నమ్మకం లేదు, పిల్లలున్న ఇళ్లలో అసలు వద్దు. మేం కొబ్బరినీళ్లే ట్రేలో పోసి గడ్డకట్టిస్తాం, కరిగినా రసం పలచబడి చప్పగా అవ్వదు. ఆ గడ్డల్ని జాలీలో తిప్పకండి, సన్నటి జాలీ దెబ్బతింటది, గ్లాసులోనే వెయ్యండి.

జార్‌లో నచ్చనిది కడగడం. తాగేసి తీరిగ్గా కడుగుదాం అంటే పీచు ఎండి జాలీకి అతుక్కుపోద్ది, వెంటనే పంపు కింద పెట్టి పాత బ్రష్‌తో బయటి నుంచి రుద్దాలి. మూత వాషర్‌కి మామిడి వాసన పడితే పోదు, కొన్నాళ్లకి వదులై కారడం మొదలెడతది, అప్పుడు మార్చెయ్యడమే. ఎక్కువమందికి చేసేటప్పుడు మధ్యమధ్యలో మోటార్‌ని చల్లారనివ్వండి, ఆగిపోతే కంగారు పడక్కర్లేదు, చాలా మిక్సీలకి అడుగున చిన్న బటన్ ఉంటది, కాసేపాగి అది నొక్కితే మళ్లీ తిరుగుద్ది.

కొత్తగా కొనేవాళ్లు వాట్స్ కన్నా ముందు ఆ జాలీ, వాషర్ విడిగా మీ టౌన్‌లో దొరుకుతున్నాయో లేదో షాపులో అడగండి, ఎందుకంటే మోటార్ కన్నా ముందు పోయేవి అవే.