మా జున్నుని తీసుకెళ్లిన చోట్లు: కరకట్ట, గుహలు, సూర్యలంకలో ఒక గది

బాపట్ల దగ్గర సూర్యలంక తీరంలో ఒక గదికి ఒక్క రాత్రికి 3,800 రూపాయలు కట్టాం. ఆ రాత్రి గదిలో పడుకున్నది నేను, అత్తయ్యగారు, పాప. మావారు కారులో పడుకున్నారు, వెనక సీటులో జున్ను. ఆ గది సంగతి నలుగురికీ తెలియాలనే ఇది రాయడం మొదలుపెట్టాను. అయితే అదొక్కటే రాస్తే, కుక్కని తీసుకుని బయటికి వెళ్లడమే తప్పనుకుంటారేమో. మాకు మంచి రోజులు కూడా చాలా ఉన్నాయి. అందుకే దాన్ని వెంటబెట్టుకుని తిరిగిన చోట్లన్నీ చెప్తాను.

జున్ను మా కుక్క. నాటుది, ఆడది. 2021 వానల్లో రైవస్ కాలువ గట్టున తడిసి వణుకుతుంటే మావారు సంచిలో పెట్టుకుని తెచ్చారు. జున్ను రంగులో ఉందని ఆ పేరు పెట్టింది అత్తయ్యగారే. పెట్టారన్న మాటే గానీ వంటింటి గడప మాత్రం తొక్కనివ్వరు. ఇప్పుడు 18 కిలోలుంది. ఏటా రేబిస్ టీకా, ఏడు జబ్బులకి కలిపి ఇచ్చే టీకా తప్పకుండా వేయిస్తాం. ఆ కార్డు ఎప్పుడూ కారులోనే ఉంటుంది.

మేముండేది బెజవాడ పటమటలో. రోజూ రెండు పూటలా వీధిలోనే తిప్పుతాం. కానీ వీధి మలుపులో నాలుగు కుక్కలు ఒక్కసారే మీదికొస్తాయి, బండ్ల హారన్లకి ఇది గోడకి అతుక్కుపోతుంది. వారానికి ఒక్క రోజైనా కాళ్లు చాపి పరుగెత్తే చోటు దొరికితే చాలనుకున్నాం.

మొదట పార్కుకి వెళ్లాం. గేటు దగ్గరే బోర్డు, కుక్కలకి ప్రవేశం లేదని. కాపలా ఉన్నాయన మర్యాదగానే చెప్పాడు. పిల్లలు గడ్డిలో పొర్లే చోటు కాబట్టి మేమూ ఏమీ అనలేదు. ఇంత ఊరికి ఒక మూల కంచె వేసి కుక్కల కోసం కాస్త నేల వదిలితే ఎంత బాగుంటుందో. వెళ్లేటప్పుడు ఆటోకి 80 ఇచ్చాం. వచ్చేటప్పుడు మూడు ఆటోలు కుక్కని చూసి ఆగకుండానే పోయాయి, నాలుగో అతను 250 అడిగాడు. వేరే దారి లేక ఎక్కాం. ఆ రోజు నుంచి జున్ను వస్తే కారే.

ఉండవల్లి గుహలు కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ దాటగానే కాబట్టి అరపూటలో వెళ్లి రావచ్చు. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, కుక్కని లోపలికి తీసుకెళ్లే ఆలోచన అసలు పెట్టుకోకండి. మేం వంతులు వేసుకున్నాం. నేనూ పాపా వెళ్లి, ఒకే కొండని నాలుగు అంతస్తులుగా తొలిచిన ఆ గుహల్లో పడుకుని ఉన్న అనంతపద్మనాభస్వామిని చూసి వచ్చేదాకా మావారు చెట్టు కింద జున్నుతో కూర్చున్నారు. తర్వాత ఆయన వెళ్లారు. ఇలా వంతుకొకరు బయట ఉండడానికి ఒప్పుకుంటేనే కుక్కతో ఇలాంటి చోట్లకి వెళ్లాలి. ఒకళ్లు మొహం మాడ్చుకున్నా రోజంతా పాడవుతుంది.

కొండపల్లి ఖిల్లాకి మాత్రం నేను వద్దనే చెప్తాను. కోతుల గుంపుని చూసి జున్ను అరిచిన అరుపులకి, అవి మా చేతిలో సంచి మీదికి దూకడానికి సరిపోయింది. అయిదు నిమిషాల్లో కారెక్కి వెనక్కొచ్చేశాం. భవానీ ద్వీపానికి పడవలో వెళ్లాలి, మోటారు చప్పుడంటే దీనికి ప్రాణం పోతుంది, అటు పోలేదు. గుంటూరు దగ్గర ఉప్పలపాడుకి పోదామని పాప అడిగింది. చెరువులో చెట్ల మీద కొంగలు, గూడకొంగలు పిల్లల్ని పెంచుకునే చోటది. అక్కడికి కుక్కని తీసుకెళ్లడం పాపమని నేనే వద్దన్నాను. డిసెంబరులో మచిలీపట్నం దగ్గర మంగినపూడి బీచ్‌కి వెళ్లాం, బాగుంది. కానీ ఆ నల్లటి బురద మట్టి దాని బొచ్చులోంచి వదిలించడానికి రెండు బకెట్ల నీళ్లు పట్టాయి.

మాకు దొరికిన అసలైన చోటు కరకట్ట. యనమలకుదురు దగ్గర కట్ట ఎక్కి పెదపులిపాక మీదుగా తోట్లవల్లూరు వైపు వెళ్తే ఒక పక్క ఊళ్లు, ఇంకో పక్క లంక పొలాలు, వాటి అవతల కృష్ణ. అరటి, పసుపు, కంద, చెరకు. ఆదివారం పొద్దున అయిదున్నరకి ఇంట్లో బయల్దేరితే వెలుతురు వచ్చే వేళకి అక్కడుంటాం. కట్ట మీద బండ్లు తిరుగుతాయి కాబట్టి తాడు వదలం. లంకలోకి దిగి, మేకలు గానీ గేదెలు గానీ కనుచూపు మేరలో లేవని చూసుకున్నాక పొడుగు తాడు వేస్తాం. పది మీటర్ల నైలాన్ తాడు, వన్ టౌన్‌లో 180 రూపాయలకి కొన్నది. ఆ తాడు చివర జున్ను ఇసుకలో పరుగెత్తడం చూసిన మొదటి రోజు మావారు ఒక్క మాటా మాట్లాడలేదు. ఆఫీసు టెన్షన్లన్నీ ఇంటికి మోసుకొచ్చే మనిషి గంటసేపు ఫోను జేబులోంచి తీయలేదు.

అక్కడ జాగ్రత్తలు కూడా ఉన్నాయి. ఇసుకలో పల్లేరుకాయలు గుచ్చుకుంటాయి. జున్ను కాలు ఎత్తి కుంటగానే ఆపి చూడాలి. వేళ్ల సందుల్లో దిగిన ముల్లు మూడు కాళ్ల మీద నడిపిస్తుంది. ఇంటికొచ్చాక చెవుల వెనక, మెడ కింద, వేళ్ల మధ్య పిడుదులు చూడాలి, వాటి వల్ల వచ్చే జ్వరం కుక్క ప్రాణం మీదికి తెస్తుంది. జూలై నుంచి అక్టోబరు దాకా లంకల్లోకి దిగం, కట్ట మీదే తిప్పుతాం. పైన బ్యారేజీ గేట్లు ఎత్తితే పాయల్లోకి నీళ్లొస్తాయి. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు అరటి తోటలు ఎంతవరకు మునిగాయో అక్కడి రైతు ఒకాయన చెట్టు మీద చెయ్యి పెట్టి చూపించాడు. ఆ చెయ్యి ఆయన తలకంటే పైన ఉంది. వేసవిలో అయితే ఏడున్నరకల్లా తిరుగుముఖం పట్టాలి. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పితేనే చల్లబడుతుంది. మన బెజవాడ ఎండలో అది చాలదు. రోడ్డు మీద మీ అరచెయ్యి ఆనించి చూడండి, ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలు కాలుతున్నట్టే.

తోట్లవల్లూరుకి దగ్గర్లో కట్ట కింద తాటాకు పాక వేసుకుని ఒకావిడ ఇడ్లీ అమ్ముతుంది. నాలుగిడ్లీ 30 రూపాయలు. కొబ్బరి లేని పల్లీ పచ్చడి, కాస్త అల్లం ఎక్కువ. మేం మూడు ప్లేట్లు చెప్పాం. జున్నుకి మేం తెచ్చిన పెరుగన్నం డబ్బా కారులో ఉంది. ఉల్లిపాయ కుక్కలకి పడదు కాబట్టి తాలింపు లేకుండా అత్తయ్యగారు విడిగా కలిపి ఇస్తారు. నేను లేచేలోపే ఆవిడ రెండిడ్లీలు తీసి ముక్కలు చేస్తోంది.

"ఉండండమ్మా, వేడిది తింటే నోరు కాలుద్ది" అని ఆ ముక్కల్ని విసనకర్రతో విసిరి, చల్లారాక అరిటాకు ముక్కలో వేసి దాని ముందు పెట్టింది. పచ్చడి వెయ్యలేదు. పక్కన మట్టి మూకుట్లో నీళ్లు కూడా పోసింది. లేచేటప్పుడు వాటికి ఎంతమ్మా అంటే, "దాని రెండిడ్లీలకి లెక్కేంటమ్మా" అంది. మా ముగ్గురికీ 90, టీలకి 20. ఆ రోజు పెట్రోలుతో కలిపి 300 దాటలేదు.

ఇప్పుడు ఆ గది.

సంక్రాంతి అయ్యాక వచ్చిన శనివారం సూర్యలంక వెళ్దామనుకున్నాం. రైలు గురించీ ఆలోచించాం. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనమే తీసుకోవాలి, లేదంటే కుక్కని గార్డు పెట్టెలో ఒంటరిగా పంపాలి. బాపట్ల దాకా దానికి ఆ శిక్ష ఎందుకని కారే తీశాం, రానూపోనూ పెట్రోలు 1,400. బయల్దేరేముందు సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక బసకి నేనే ఫోన్ చేశాను. పేరు రాయను. కుక్క ఉంది, 18 కిలోలు ఉంటుంది, గదిలోనే మాతో ఉంటుంది అని మూడు మాటలూ విడివిడిగా చెప్పాను. "పర్లేదు మేడమ్, తెచ్చుకోండి, చాలామంది తెస్తారు" అన్నాడు. గది అద్దె 2,800, ముందుగా 1,500 పంపాను.

సాయంత్రం నాలుగింటికి చేరాం. కౌంటర్లో అతను జున్నుని చూసి కుర్చీలోంచి లేచాడు. "ఇదేంటి మేడమ్, వీధికుక్క కదా. పెట్ అంటే జాతి కుక్క అనుకున్నాం" అన్నాడు. టీకాల కార్డు తీసి బల్ల మీద పెట్టాను. దాన్ని ముట్టుకోలేదు. అదే సమయంలో పక్క గదిలోంచి ఒకాయన తెల్లటి బొచ్చుకుక్కని ఎత్తుకుని మా ముందు నుంచే వెళ్లాడు. పాప దాన్ని చూసింది, జున్నుని చూసింది, మెడ పట్టుకుని దగ్గరికి లాక్కుంది. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ గొంతు పెగల్లేదు.

అప్పుడు మాట్లాడింది అత్తయ్యగారు. దారంతా "కుక్కతో షికారేంటో" అని విసుక్కుంటూ వచ్చిన మనిషి. "ఏం బాబూ, ఫోన్లో సరేనని డబ్బు తీసుకున్నావు. మనుషుల్ని కులం అడిగింది చాలక ఇప్పుడు కుక్కని కూడా అడుగుతున్నావా?" అన్నారు. అతను, "అది కాదు మామ్మగారూ, రూల్" అని గొణిగాడు. ఆ రూలు ఎక్కడ రాసుందో చూపించమంటే చూపించలేదు. చివరికి చెప్పిందేంటంటే, క్లీనింగ్ ఛార్జీ ఇంకో 1,000 కట్టాలి, రాత్రికి కుక్కని వెనక జనరేటర్ షెడ్డు దగ్గర కట్టేయాలి. వద్దు, వెళ్లిపోతాం, డబ్బులు ఇచ్చేయమన్నాం. అడ్వాన్సు తిరిగివ్వడం కుదరదన్నాడు. శనివారం, తీరం నిండా జనం, ఇంకో రెండు చోట్ల అడిగితే గదుల్లేవు. చీకటి పడుతోంది. కట్టాం.

తొమ్మిదింటికి కరెంటు పోయింది. జనరేటర్ వేశారు. షెడ్డు పక్కన ఆ మోతకి జున్ను ఏడ్చిన ఏడుపు నాకింకా చెవుల్లో ఉంది. అది అరవడం కాదు, పిల్లప్పుడు కాలువ గట్టున ఏడ్చినట్టే ఏడ్చింది. మావారు దుప్పటి తీసుకుని లేచి, తాడు విప్పి, కారు దగ్గరికి తీసుకెళ్లిపోయారు. అద్దాలు నాలుగు వేళ్ల మందం దించి పడుకున్నారు. పొద్దున ఆయన చేతుల నిండా దోమకాట్లు. పైగా ఖాళీ చేసేటప్పుడు దుప్పటికి వెంట్రుకలు అంటాయని 500 అడిగాడు. గదిలోకే రాని కుక్క వెంట్రుకలు! అది మాత్రం ఇవ్వలేదు. రసీదు అడిగితే నంబరు లేని తెల్లకాగితం మీద 3,800 అని రాసిచ్చాడు.

తీరం తప్పేమీ లేదు. ఆరింటికి జనం రాకముందే దిగాం. సన్నటి ఇసుక, నీళ్లు వెనక్కి పోయి తడి నేల అద్దంలా ఉంది. జున్ను చిన్న పీతల వెంట పడి బొరియలు తవ్వుతుంటే పాప రాత్రి సంగతే మర్చిపోయింది. ఉప్పునీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, అందుకని పది నిమిషాలకోసారి మంచినీళ్లు పట్టాం. రెండు లీటర్లు అయిపోయాయి. వలల దగ్గరికి పోనివ్వకండి. తెగిన వల ముక్కలు కాళ్లకి చుట్టుకుంటాయి, చచ్చిన చేప ఏది విషమో దానికి తెలియదు. ఎనిమిదింటికి బయల్దేరి భోజనం వేళకి ఇంట్లో ఉన్నాం.

మీరు వెళ్లేటట్టయితే నేను చేసిన తప్పు చేయకండి. ఫోన్లో మాట నమ్మకుండా, కుక్క ఫోటో వాట్సాప్‌లో పంపి, నాటుదని రాసి, గదిలో ఉంచుకోవచ్చా, అదనంగా ఎంత, ఒప్పుకోకపోతే అడ్వాన్సు తిరిగిస్తారా అని మూడింటికీ రాతలో జవాబు తెప్పించుకోండి. రాసివ్వని చోటికి రూపాయి పంపకండి. కుక్క ఉన్నవాళ్లు శనివారాలు మానుకుని మామూలు రోజు వెళ్లడం ఇంకా మంచిది.

జరిగిందంతా ఆ తెల్లకాగితం ఫోటోతో సహా ఇంటర్నెట్లో వాళ్ల గదుల వివరాలున్న చోటే రాశాను. నాలుగో రోజు అతనే ఫోన్ చేశాడు. 500 వెనక్కిస్తాం, అది తీసేయండి మేడమ్ అన్నాడు. తీసేయనన్నాను.

ఈ ఆదివారం మళ్లీ తోట్లవల్లూరు వెళ్తున్నాం. అత్తయ్యగారు కూడా వస్తానన్నారు. ఆ ఇడ్లీల ఆవిడకి ఇవ్వాలని పెరట్లో కాసిన మునక్కాయలు కోసి, తడిగుడ్డ చుట్టి పెట్టారు.