మోహపు చూపుకు రెండు వైపులా: 'ఎ షార్ట్ ఫిల్మ్ అబౌట్ లవ్' సమీక్ష

పోలెండ్ దర్శకుడు క్రిస్టాఫ్ కిస్లోవ్‌స్కీ 1988లో తీసిన ఈ సినిమాలో, పోస్టాఫీసులో పనిచేసే 19 ఏళ్ల టోమెక్, దొంగిలించి తెచ్చిన టెలిస్కోపుతో రాత్రిళ్లు ఎదురింటి మాగ్దా కిటికీలోకి చూస్తుంటాడు. ఆమెను తన కౌంటరు దగ్గరకు రప్పించడానికి రాని మనియార్డర్లకు నోటీసులు పంపుతాడు, ఆమెకు వచ్చిన ఉత్తరాలు కాజేస్తాడు, ఆమె గుమ్మం దాకా వెళ్లే వీలు దొరుకుతుందని తెల్లవారుజామున పాలు వేసే పనికి కుదురుతాడు.

ఇవి తప్పులేనన్న సంగతిని సినిమా దాచదు, అలాగని వాటిపై ఉపన్యాసమూ ఇవ్వదు. తీర్పంతా కెమెరా ఎక్కడ నిలబడిందన్న దానిలోనే ఉంది. కథలో చాలా దూరం మనం టోమెక్ గదిలోంచే, ఆమె మాటలు వినపడనంత దూరం నుంచే మాగ్దాను చూస్తాం కనుక అతడి దొంగచూపులో మనకూ వాటా ఉంటుంది. ప్రేమ అనేది లేదని, ఉన్నదల్లా శరీరమేనని నిరూపించడానికి ఆమె అతడిని ఇంటికి పిలిచి అవమానించడం, అతడు ప్రాణం తీసుకోబోవడం జరిగాక కెమెరా ఆమె పక్షానికి మారుతుంది. అప్పటినుంచి చీకటిగా ఉన్న అతడి కిటికీ వైపు చూసేది ఆమే. మాగ్దాగా గ్రజీనా షపొవొఫ్‌స్కా ఆ మార్పును దాదాపు మాటలు లేకుండానే, ముఖంతోనే నమ్మించింది.

నా అభ్యంతరం కూడా అక్కడే మొదలవుతుంది. అతడు చిందించిన రక్తంతో అతడి అపరాధం కడుక్కుపోయినట్టు, నెలల తరబడి ఏకాంతం కోల్పోయిన స్త్రీయే ఒక్క క్రూరమైన మాటకు పశ్చాత్తాపపడవలసినట్టు కథ ఒరిగిపోతుంది.

ఇదే కథ పది ఆజ్ఞల ఆధారంగా వచ్చిన 'డెకలాగ్' టీవీ ధారావాహికలో సుమారు గంట నిడివి గల ఆరో భాగంగా కూడా ఉంది. వ్యభిచరింపకూడదన్న ఆజ్ఞ క్యాథలిక్కుల లెక్కలో ఆరవది, మన ప్రొటెస్టెంట్ సంఘాల్లో చాలావాటి లెక్కలో ఏడవది. కథలో వివాహబంధం ప్రసక్తి పెద్దగా లేకపోయినా, మత్తయి సువార్త మోహపు చూపునే వ్యభిచారంగా ఎంచిందని గుర్తున్నవారికి ఈ కథ ఆ ఆజ్ఞ కింద ఎందుకు చేరిందో సులభంగా అర్థమవుతుంది.

ముగింపులు మాత్రం వేరు. సినిమాలో మాగ్దా అదే టెలిస్కోపులోంచి చూస్తూ, ఒకనాడు ఒంటరిగా ఏడ్చిన తనను టోమెక్ ఓదారుస్తున్నట్టు ఊహించుకుంటుంది. టీవీ భాగంలో అతడు, ఇక మిమ్మల్ని చాటుగా చూడటం లేదని చెప్పి ఊరుకుంటాడు. మొదటిది అందమైనదే, కానీ అది అతడి చూపును ప్రేమగా మార్చి క్షమించేస్తుంది. రెండోది ఇద్దరికీ ఓదార్పు ఇవ్వదు కనుక అదే న్యాయమైనదని నేను భావిస్తున్నాను. గంటన్నరకు కాస్త తక్కువైన సినిమాను ముందుగా, టీవీ భాగాన్ని ఆ తరువాత చూడటం మంచిది. నగ్నత, ఆత్మహత్యాయత్నం ఉన్నందున ఇది పెద్దలు మాత్రమే చూడదగినది.