లండన్ సోన్ మ్యూజియం: వరస ఇంటికి పైనుంచి వెలుగు

లండన్‌లోని లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ అనే చౌకులో, ఇప్పుడు ఈ మ్యూజియంగా ఉన్న 12, 13, 14 నంబర్ల ఇళ్లను ఆర్కిటెక్ట్ జాన్ సోన్ 1792–1824 మధ్య ఒక్కొక్కటిగా పడగొట్టి కట్టాడు. 12వ ఇంటి ముఖం సాదా ఇటుక. 13కి మాత్రం పోర్ట్‌లాండ్ రాతి వసారా ముందుకు పొడుచుకొచ్చింది. అది ఇళ్ల వరస గీత దాటిందని 1812లో జిల్లా సర్వేయర్ అభ్యంతరం పెట్టినా సోన్‌దే గెలుపు. అప్పట్లో వసారా తెరిచే ఉండేది, అద్దాలు తరవాత బిగించినవే.

వరస ఇంటికి పక్క గోడలు ఉమ్మడి, కిటికీలు ముందూ వెనకే. నడిమి గదులు చీకటి. బ్రేక్‌ఫాస్ట్ గదిలో దీనికి చేసిన ఉపాయం అద్భుతం: గుమ్మటం గోడల దాకా సాగకుండా ఆగిపోతుంది, ఆ సందుల్లోంచి పైకప్పు అద్దాల వెలుగు గోడల మీదికి జారుతుంది. ముఖం చూసుకునే రకం కుంభాకార అద్దాలు దాన్ని గదంతా పరుస్తాయి. పొడవూ వెడల్పూ సుమారు 4 మీటర్లే ఉన్న బొమ్మల గదిలో 118 చిత్రాలు పట్టాయంటే, గోడలే తలుపుల్లా తెరుచుకోవడం వల్ల. సిబ్బంది తెరిచే వేళ ముందే అడగండి.

ప్రవేశం ఉచితం. దారులు ఇరుకు, పెద్ద సంచులు వద్దు. వివరాల పలకలు తక్కువ, అదొక్కటే లోటు. మబ్బు పట్టిన సాయంత్రం కాదు, ఎండ ఉన్న మధ్యాహ్నమే వెళ్లండి.