సాపాకి కాదు, మూ కాంగ్ చాయ్‌కి వెళ్ళండి: వియత్నాం కొండల్లో వరి మడుల యాత్ర

హైదరాబాద్‌లో ఏ ట్రావెల్ ఏజెంటుని వియత్నాం ప్యాకేజీ అడిగినా హనోయ్, హాలాంగ్ బే, డా నాంగ్ అని గడగడా చెప్పేస్తారు. కొండల మీద మెట్లు మెట్లుగా ఉండే వరి పొలాలు చూడాలండీ అంటే "సాపా ఒక నైట్ పెడతాం సార్" అంటారు. సాపా చెడ్డ ఊరేం కాదు, కానీ పొలాల కోసమే అంత దూరం వెళ్తుంటే అక్కడ ఆగిపోకండి, మూ కాంగ్ చాయ్ దాకా వెళ్ళండి, అక్కడే రాత్రులు ఉండండి. రెండు చోట్లా ఉండి వచ్చాక చెప్తున్నాను.

మేం వెళ్ళింది సెప్టెంబర్ చివర్లో. నేను, మా ఆవిడ, మా చిన్నాయన. చిన్నాయనది మిర్యాలగూడ దగ్గర పల్లె, సాగర్ ఎడమ కాలువ కింద వరి చేస్తాడు. ఆయన్ని తీసుకెళ్ళడం వల్ల ఈ యాత్రకి వేరే విలువ వచ్చింది, ఎందుకంటే మేమిద్దరం ఫొటోలు తీసుకుంటుంటే ఆయన మాత్రం ప్రతి మడి దగ్గరా ఆగి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి అని వెతుక్కుంటూ నడిచాడు.

ముందు దారి సంగతి. హనోయ్ నుంచి సాపాకైనా మూ కాంగ్ చాయ్‌కైనా దూరం దాదాపు ఒకటే, మూడొందల కిలోమీటర్ల అటూఇటూ. కానీ సాపా పక్కనున్న లావో కాయ్ దాకా 2014లో ఎక్స్‌ప్రెస్‌వే వేశారు కాబట్టి సాపాకి ఐదారు గంటల్లో చేరిపోతారు, అందుకే బస్సులన్నీ, ప్యాకేజీలన్నీ అటే పోతాయి. మూ కాంగ్ చాయ్‌కి వెళ్ళే 32వ నంబరు రోడ్డు ఘాట్ రోడ్డు, ఏడెనిమిది గంటలు పడుతుంది, కడుపులో తిప్పే అలవాటు ఉన్నవాళ్ళు మాత్రలు వేసుకోవాల్సిందే. హనోయ్‌లోని మీ దిన్ బస్ స్టేషన్ నుంచి స్లీపర్ బస్సులు ఉన్నాయి. మేం పోయేటప్పుడు స్లీపర్ బస్సే ఎక్కాం. ఆ బెర్తు పొట్టివాళ్ళకి సరిపోతుంది, ఆరడుగుల మనిషికి కాళ్ళు చాచే చోటు ఉండదు, పైగా మధ్య నడవలో కూడా మనుషుల్ని కూర్చోబెట్టారు. పెద్దవాళ్ళతో వెళ్తే డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోవడం మేలు, తిరుగు ప్రయాణానికి మేం అదే చేశాం. ముగ్గురు పంచుకుంటే భారం అనిపించలేదు. డ్రైవరుకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, ఫోన్‌లో అనువాదం యాప్ పెట్టుకుని మాట్లాడుకున్నాం. అక్కడి భాషని ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఘాట్‌లో సిగ్నల్ పోతూ ఉంటుంది.

బైక్ అద్దెకి తీసుకుని పోదామనుకునే కుర్రాళ్ళకి ఒక మాట. మన ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి అంతర్జాతీయ రోడ్డు రవాణా ఒప్పందం ప్రకారం ఇచ్చేది, వియత్నాం ఒప్పుకునేది 1968 ఒప్పందం ప్రకారం ఇచ్చినదాన్ని. బైక్ అద్దెకిచ్చేవాడు ఏ కాగితం అడక్కుండా తాళం చేతిలో పెడతాడు, కానీ ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు పైసా ఇవ్వరు. ఆ మలుపుల్లో, ఆ పొగమంచులో అంత రిస్క్ వద్దు. వెనక కూర్చుని వెళ్ళండి, తోలేవాళ్ళు అక్కడే దొరుకుతారు.

ఒకే రోజులో ఆ దారంతా తోసుకుపోకుండా తూ లే అనే చిన్న ఊళ్ళో ఆగాం. ఈ యాత్ర మొత్తంలో మాకు బాగా నచ్చిన బస అదే. ఖావ్ ఫా ఘాట్ మొదలయ్యే ముందు, చుట్టూ కొండలు, నడుమ పచ్చటి బయలు. లోయలో థాయ్ తెగవాళ్ళు, పైన కొండల మీద హ్మాంగ్ వాళ్ళు ఉంటారు. మేం దిగింది ఒక థాయ్ కుటుంబం ఇంట్లో. స్తంభాల మీద కట్టిన చెక్క ఇల్లు, పైన పెద్ద హాలు, నేల మీద పరుపులు, ఒక్కో పరుపుకీ దోమతెర, మధ్యలో గుడ్డ కర్టెన్లు. తలకి లక్షన్నర డాంగ్, అంటే మన ఐదు వందల రూపాయల అటూఇటూ. బాత్రూమ్ కింద ఉంటుంది, శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వచ్చాయి. ప్రైవసీ కావాలనుకునే కొత్త జంటలకి, గురక పడనివాళ్ళకి ఇది కుదరదు, వాళ్ళు అదే ఊళ్ళో విడి గదులు ఉన్నవి చూసుకోవాలి. ధర మూడు నాలుగింతలు ఉంటుంది, కానీ దొరుకుతాయి.

తూ లే జిగురు బియ్యానికి పేరున్న ఊరు. ఆ వడ్లు ఇంకా పూర్తిగా పండకముందే, గింజలో పాలు గట్టిపడుతున్నప్పుడు కోసి, పెద్ద మూకుడులో సన్నటి సెగ మీద వేయిస్తారు. మేం దిగిన ఇంటి ముసలమ్మ వేయిస్తూ మధ్యమధ్య నాలుగు గింజలు తీసి చెక్క మీద నలిపి చూస్తోంది, పొట్టు విడిపోతోందా లేదా అని. తర్వాత రోట్లో పోసి, కాలితో తొక్కే పొడుగాటి రోకలితో దంచుతారు. ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు రోటి పక్కన కూర్చుని రోకలి పైకి లేచిన ప్రతిసారీ చేయి పెట్టి గింజల్ని తిరగేస్తున్నారు. చెరిగి, మళ్ళీ దంచి, మళ్ళీ చెరిగి, చివరికి వచ్చేది లేతాకుపచ్చ రంగులో ఉండే మెత్తటి గింజ. కోమ్ అంటారు. పచ్చి అటుకుల్లా ఉంటుంది గానీ కొంచెం సాగుతుంది, తియ్యటి వాసన. ఆకులో చుట్టి ఇస్తారు. ఆ రోజే తినెయ్యాలి, మర్నాటికి గట్టిపడిపోతుంది, కాబట్టి హైదరాబాద్ తెద్దామనుకోకండి. చిన్నాయన రోకలి తొక్కి చూశాడు, ఆ ముసలమ్మ ఆయన పాదం సరిగ్గా ఎక్కడ పెట్టాలో సైగ చేసి చూపించింది. ఇద్దరికీ భాష కలవలేదు, పని కలిసింది.

అక్కడే వేడినీటి ఊట కూడా ఉంది, ఊరివాళ్ళు సాయంత్రం పూట స్నానాలకి వస్తారు. కాళ్ళు పెట్టుకుని కూర్చున్నా చాలు, నడిచిన అలుపు పోతుంది.

మర్నాడు ఖావ్ ఫా ఎక్కాం. ఉత్తర వియత్నాంలో పేరున్న నాలుగు పెద్ద ఘాట్లలో ఇదొకటి. తెల్లవారేసరికి లోయ నిండా మబ్బు ఉంటుంది, తొమ్మిదైతే గానీ విడదు, అందుకని పొద్దున్నే లేచి పరిగెత్తి లాభం లేదు. మబ్బు విడిపోయాక కింద లిమ్ మాంగ్ పల్లె, దాని చుట్టూ పండిన వరి కనిపిస్తుంది. ఇక్కడ నుంచి పారాగ్లైడింగ్ ఉంది. మా ఆవిడ పైలట్‌తో కలిసి ఎగిరింది, మన డబ్బుల్లో ఏడెనిమిది వేలు అయింది. గాలి సరిగ్గా లేదని చాలాసేపు కూర్చోబెట్టారు, కానీ తొందరపెట్టినా వాళ్ళు ఎగరనివ్వలేదు, అది నాకు నచ్చింది. దిగాక ఆమె చెప్పిన మాట: కింద నుంచి చూస్తే మెట్లలాగా ఉన్నవి పైనుంచి చూస్తే ఒక్క గీత కూడా తిన్నగా లేదట.

మూ కాంగ్ చాయ్‌లో లా పాన్ తాన్, చే కు న్యా, జే సు ఫిన్ అనే మూడు పల్లెల మడుల్ని అక్కడి ప్రభుత్వం 2007లో జాతీయ వారసత్వ స్థలంగా ప్రకటించింది. అందరూ ఫొటోల్లో చూసే గుండ్రటి గుట్ట, మామ్ సోయ్, లా పాన్ తాన్‌లోనే ఉంది. మెయిన్ రోడ్డు మీద దిగగానే బైకుల వాళ్ళు చుట్టుముడతారు. పైకి దారి సన్నగా, నిటారుగా ఉంటుంది, వాళ్ళ బైక్ ఎక్కడమే మంచిది. రానూపోనూ రేటు ముందే ఫోన్‌లో అంకెలు కొట్టి చూపించి ఖాయం చేసుకోండి. పైన చిన్న టికెట్ ఉంది. శనాదివారాల్లో హనోయ్ జనమంతా అక్కడే ఉంటారు, నిలబడే చోటు దొరకదు. మామూలు రోజు సాయంత్రం నాలుగు తర్వాత వెళ్తే ఎండ పక్క నుంచి పడి మడుల అంచులు విడివిడిగా తేలతాయి. గుర్రపు డెక్క ఆకారంలో ఉండే ఇంకో కొండ కూడా ఉంది, దాని దారి ఇంకా కష్టం, వాన పడితే అస్సలు వద్దు.

కానీ నిజంగా చూడాల్సింది ఈ వ్యూపాయింట్లు కావు. ఊరి గైడుని మాట్లాడుకుని మడుల మధ్య గట్ల మీద సగం రోజు నడవండి. మాతో వచ్చింది ఒక హ్మాంగ్ అమ్మాయి, ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. చిన్నాయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇంత సన్న మడిల నాగలి ఎట్ల తిప్పుతరో అడుగు బిడ్డా." కొన్ని మడులు నిజంగానే మనిషి బారెడు వెడల్పు కూడా లేవు. వెడల్పున్న చోట దున్నపోతులు, ఇప్పుడు చిన్న టిల్లర్లు, మిగతాదంతా చేతి పారే అని చెప్పిందా అమ్మాయి. మోటారు లేదు, బోరు లేదు, కరెంటు కోసం ఎదురుచూపు లేదు. పైన అడవిలో ఊట, అక్కడ నుంచి కొండ నడుము మీదుగా జానెడు కాలువ, కాలువ పోలేని చోట చీల్చిన వెదురు బద్ద. పై మడి నిండాక గట్టుకి పెట్టిన చిన్న గండి లోంచి కింది మడికి, అక్కడి నుంచి దాని కిందకి. గట్లన్నీ మట్టివే. చిన్నాయన ఒక గండి దగ్గర కూర్చుని, దాని అడుగున పరిచిన చదునైన రాయిని వేలితో తట్టి చూపించాడు. నీళ్ళు దూకి మట్టి కోసుకుపోకుండా ఆ రాయి. "పైవాడు నీళ్ళు ఆపితే కిందోడు సచ్చినట్టే కదా, కొట్లాటలు రావా?" అని అడిగాడు. టెయిలెండ్, అంటే కాలువ చివరి రైతు బాధ తెలిసిన మనిషి. నీళ్ళ వంతు ఊళ్ళో పెద్దలు కూర్చుని తేలుస్తారని ఆ అమ్మాయి చెప్పింది.

ఏడాదికి ఒకటే పంట. చలి, నీటి లోటు వల్ల రెండోది రాదు. మేం నడిచిన చోట కోత మొదలైంది. కొడవళ్ళతో కోసి, పెద్ద చెక్క పెట్టె లోపలి గోడకేసి పనలు కొడుతున్నారు, ఆ చప్పుడు ఎదుటి కొండ నుంచి కూడా వినిపిస్తుంది. కొన్ని చోట్ల చిన్న మిషన్లు కూడా ఉన్నాయి. దయచేసి ఫొటో కోసం పండిన వరిలోకి దిగకండి. మా ముందే ఒక గుంపు దిగింది, గైడు అరిచి బయటికి రప్పించింది. ఏడాది తిండి అది.

మూ కాంగ్ చాయ్ ఊళ్ళో బస మాత్రం నాకు నచ్చలేదు. మేం బుక్ చేసిన హోటల్‌లో దిగాక, పండగ సీజన్ కాబట్టి రేటు మారిందని ఎక్కువ అడిగారు, రోడ్డు పక్క గది, రాత్రంతా లారీల మోత. ఊళ్ళో కాకుండా పల్లెల్లో హోమ్‌స్టే చూసుకోండి, లేదంటే తూ లేలోనే ఉండి కారులో వచ్చిపోండి. ఇంకో ఇబ్బంది అడ్రసులు. 2025 జులై 1 నుంచి మూ కాంగ్ చాయ్ ఉన్న యెన్ బాయ్ ప్రావిన్స్‌ని లావో కాయ్‌లో కలిపేశారు, బుకింగ్ సైట్లలో ఇంకా పాత పేరు కొన్ని, కొత్త పేరు కొన్ని. ఊరి పేరు చూసి, మ్యాప్‌లో పిన్ సరిచూసుకుని డబ్బు కట్టండి.

తిండి గురించి మనవాళ్ళు ఎక్కువ టెన్షన్ పడతారు. మాంసం తినేవాళ్ళకి ఇబ్బంది లేదు, ఉడికించిన నాటుకోడి అన్ని ఇళ్ళలోనూ పెడతారు. శాకాహారులు "ఆన్ చాయ్" అని చెప్పాలి, అంతటితో ఆగకుండా చేపల సాస్ కూడా వద్దని అనువాదం చూపించాలి, లేదంటే ఆకుకూరలో కూడా అది పడుతుంది. మా ఆవిడ గుడ్డు కూడా తినదు. ఆమెకి అన్నం, టోఫు, వెల్లుల్లి వేసి వేయించిన కూర, మన దగ్గర నుంచి తీసుకెళ్ళిన గోంగూర పచ్చడి, కరివేపాకు పొడితో గడిచిపోయింది.

అక్కడ నుంచి థాన్ ఉయెన్ మీదుగా, ఓ క్వీ హో ఘాట్ దాటి సాపా వెళ్ళాం. ఆ ఘాట్ రెండు వేల మీటర్ల ఎత్తు పైన, దారి అద్భుతం. సాపా ఊరు ఇప్పుడు హోటళ్ళ ఊరు, ఎటు చూసినా కొత్త కట్టడాలే. ఫాన్సిపాన్ శిఖరం 3,147 మీటర్లు, 2016లో కేబుల్ కారు వచ్చింది, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కూడా పైదాకా వెళ్ళొచ్చు, అది పెద్ద సౌకర్యమే. కాట్ కాట్ పల్లె టికెట్ పెట్టిన, డ్రెస్సులు అద్దెకిచ్చే చోటు, నేనైతే వదిలేయమంటాను. మువాంగ్ హోవా లోయలో లావో చాయ్ నుంచి తా వాన్ నడక బాగుంటుంది, కానీ మేం వెళ్ళేసరికి అక్కడ కోతలు అయిపోయి మోళ్ళే మిగిలాయి. సాపాలో మూ కాంగ్ చాయ్ కంటే ముందే పండుతుంది. పిల్లలు, అమ్మానాన్నలు అందరూ కలిసి వెళ్తూ, మంచి హోటల్, లిఫ్టు, ఇండియన్ రెస్టారెంట్ కావాలనుకుంటే సాపాయే సరైంది.

వీసా ఆన్‌లైన్‌లోనే, ప్రభుత్వ సైట్‌లో 25 డాలర్లు, 90 రోజుల దాకా ఇస్తారు. ఏజెంటు అవసరం లేదు. సెప్టెంబర్ తుఫాన్ల నెల కూడా. 2024లో యాగి తుఫాను వచ్చినప్పుడు లావో కాయ్‌లో కొండ విరిగిపడి లాంగ్ ను అనే పల్లె మట్టిలో కూరుకుపోయింది. కాబట్టి తిరుగు విమానానికి ముందు హనోయ్‌లో ఒక రోజు ఖాళీ ఉంచుకోండి, వాన హెచ్చరిక వస్తే ఘాట్ ఎక్కకండి.

ఇక తేదీలు. మూ కాంగ్ చాయ్ బంగారు రంగులో ఉండేది సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా. 2025లో దసరా అక్టోబర్ 2న వచ్చింది కాబట్టి మన బడి సెలవులు సరిగ్గా కలిశాయి. 2026లో దసరా అక్టోబర్ 20న, అప్పటికి కోతలు అయిపోతాయి. పిల్లల బడి చూసుకునేవాళ్ళు మే చివర, జూన్ మొదటి వారం చూడండి. అప్పుడు మడులకి నీళ్ళు పెట్టి నాట్లు వేస్తుంటారు, వేసవి సెలవులు కూడా ఇంకా ఉంటాయి, హోటళ్ళ రేట్లు కూడా కోతల సీజన్ కంటే తక్కువ.