సర్టిఫికెట్టా, సొంత సైటా?

వెబ్ డెవలపర్ ఉద్యోగానికైతే నా ఓటు సొంతంగా చేసిన వెబ్‌సైటుకే. మా తమ్ముడు నెల్లూరులో ఒక మెస్సుకి మెనూ సైటు చేసిచ్చాడు. ఫోన్‌లో తెరిస్తే చేపల పులుసు ధర స్క్రీన్ దాటిపోయేది. రెండు రాత్రులు కూర్చుని సీఎస్ఎస్ (పేజీ ఎలా కనిపించాలో చెప్పే కోడ్) సరిచేశాడు. ఇంటర్వ్యూలో అరగంట దాని మీదే అడిగారంట. సర్టిఫికెట్లను ఒకసారి తిరగేసి పక్కన పెట్టేశారు.

అలాగని సర్టిఫికెట్ దండగేం కాదు. క్లౌడ్ పని, అంటే ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకునే సర్వర్ల పని, ఉన్నచోట అమెజాన్ వాళ్ల ఏడబ్ల్యూఎస్ పరీక్షకు విలువుంది. కాకపోతే మొదటి మెట్టు క్లౌడ్ ప్రాక్టీషనర్‌కే 100 డాలర్లు, చెల్లేది 3 ఏళ్లు. కోడింగ్ నేర్పే సైటు ఫ్రీకోడ్‌క్యాంప్ ఇచ్చే సర్టిఫికెట్ ఉచితం, కానీ ప్రాజెక్టులు చేయాల్సిందే; అందుకే అది నాకు నచ్చుతుంది. మైక్రోసాఫ్ట్ అయితే వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ పరీక్షతో సహా ఎంటీఏ అనే తొలి స్థాయి పరీక్షలన్నీ 2022లో ఎత్తేసింది. మావాడి ఎంటీఏ కాగితం మాత్రం కావలిలో ఇంట్లో గోడమీద లామినేషన్‌తో మెరుస్తూనే ఉంది.