పాత బోల్టుకు కొత్త పూతా, కొత్త కిట్టా?

“బోల్టుల కిట్ కొనుక్కోవడం మేలా, కారుతో వచ్చినవాటికే పూత వేయించుకోవడం మేలా?” నా పాత అమెరికన్ కారు, షెవ్రొలే షెవెల్‌ను బాగుచేసే పని మొదలైనప్పటి నుంచి నన్ను ఎక్కువమంది అడిగింది ఇదే. ఇంజిను గురించి, రంగు గురించి కూడా ఇంతమంది అడగలేదు. పాత కారు విప్పినవాళ్లందరి గ్యారేజీల్లోనూ తుప్పు బోల్టుల డబ్బాలు ఒక మూల ఉంటాయి. వాటిని చూసినప్పుడల్లా పారేసి కొత్తవి తెచ్చుకుందామనిపించడం సహజమే.

నాది 1969 షెవెల్ ఎస్‌ఎస్ 396. బాల్టిమోర్ ఫ్యాక్టరీలో తయారై, చలికాలంలో ఉప్పు చల్లే ఒహాయో రోడ్ల మీద చాలా ఏళ్లు తిరిగింది. ముందు భాగాన్ని, అంటే ఫెండర్లు (ముందు చక్రాల మీది రేకులు), బానెట్, రేడియేటర్ చుట్టూ ఉండే రేకులను, మొన్న చలికాలంలో తిరిగి బిగించాను. కుడి ఫెండర్‌కు కిట్ బోల్టులు, ఎడమ ఫెండర్‌కు పాతవి వాడి చూశాను. అందుకే ఇప్పుడు ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

కిట్‌తో పెద్ద లాభం సమయం. ఏ సంచిలోవి ఎక్కడ బిగించాలో దాని మీదే రాసి ఉంటుంది. బోల్టులన్నీ పోయిన కారును, ఎవరో సగం విప్పి వదిలేసిన కారును కొన్నవాళ్లకు అది నిజంగా వరమే. మంచి కిట్లలో తల మీద గుర్తులను కూడా పాతవాటిలాగే అచ్చు వేస్తున్నారు. ధర అందుకు తగ్గట్టే ఉంటుంది.

అయినా నేను అన్నిటికన్నా ముందు చూసేది ఆకారం. షెవెల్‌ను తయారుచేసిన జనరల్ మోటార్స్ వాళ్ల పాత ఫెండర్ బోల్టును చేతిలోకి తీసుకుని దాని కొస చూడండి. మర చుట్లు లేని సన్నటి ముక్కు ఉంటుంది. ఫెండర్ వెనక, కంటికి కనబడని చోట, పంజరంలాంటి రేకులో వదులుగా కదిలే నట్టును వెతికి పట్టుకోవడానికే ఆ ముక్కు. అసెంబ్లీ లైను మీద పనిచేసేవాళ్లకు తడుముకునే తీరిక ఉండదు, బోల్టే దారి చూసుకోవాలి. వాషరుదీ అలాంటి కథే. మర చుట్లు వేయకముందే వాషరును తొడిగేస్తారు. ఆ మరను కోసి తీయరు, అచ్చుల మధ్య ఒత్తి దొర్లిస్తారు. ఆ ఒత్తిడికి చుట్లు పైకి ఉబుకుతాయి గనుక వాషరు వదులుగా తిరుగుతూనే ఉంటుంది, ఊడి మాత్రం రాదు.

నేను కొన్న కిట్‌లో బోల్టుల కొసలు చదునుగా ఉన్నాయి, వాషర్లు విడిగా వచ్చాయి. కుడి ఫెండర్‌కూ తలుపుకూ మధ్య సందు సరిచేయడానికి ఒక పూటంతా పట్టింది. ఒక బోల్టు వంకరగా ఎక్కి నట్టు మరను కూడా పాడుచేసింది. ఎడమ వైపు పాత బోల్టులు వేళ్లతో తిప్పితేనే ఎక్కాయి. ఆ తర్వాత కుడి వైపు కూడా విప్పి పాతవే పెట్టాను.

ఇక తల మీది గుర్తులు. మూడు గీతలుంటే గ్రేడ్ 5, అంటే చదరపు అంగుళానికి 1,20,000 పౌండ్ల లాగుడు బలం. ఆరు గీతలుంటే గ్రేడ్ 8, అంటే 1,50,000 పౌండ్లు. గీతల మధ్య తయారీదారు అక్షరాలు ఉంటాయి: టీఆర్ అని ఉంటే టౌన్ రాబిన్సన్, ఆర్‌బీడబ్ల్యూ అని ఉంటే రస్సెల్, బర్డ్‌సాల్ అండ్ వార్డ్. ఒకే కారులో రెండు మూడు కంపెనీల బోల్టులు కలిసి ఉండటం మామూలే. నా దృష్టిలో అవి కారుకు పుట్టుమచ్చల్లాంటివి. పూత ఎన్నిసార్లయినా వేయించుకోవచ్చు గానీ అరిగిపోయిన అక్షరం తిరిగి రాదు. అందుకే పాతవి ఉంచుకోవాలనుకునేవాళ్లు పూత కన్నా ముందు తుప్పు ఎలా వదిలించాలో ఆలోచించాలి.

వైరు బ్రష్ చక్రం, గాఢమైన ఆమ్లం, ఈ రెండింటినీ దగ్గరికి రానీయకండి. రెండూ తుప్పుతో పాటు అక్షరాలనూ తినేస్తాయి. నేను వాడేది మొలాసిస్, మన ఊళ్లలో పశువుల దాణాలో కలిపే చెరకు మడ్డి లాంటిదే. ఇక్కడ అమెరికాలో కూడా దాణా కొట్లలో చవకగా దొరుకుతుంది. ఒక వంతు మడ్డికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, బోల్టులు వేసి, రెండు వారాలు వదిలేయండి. వాసన భరించలేం, బకెట్‌ను ఇంటికి దూరంగా పెట్టుకోవాలి. పైకి తీసి కడిగితే తుప్పు పోయి బూడిద రంగు ఉక్కు బయటపడుతుంది, గీతలూ అక్షరాలూ స్పష్టంగా కనిపిస్తాయి. అల్యూమినియం, జింకు పోత భాగాలను మాత్రం అందులో వేయకండి, పాడైపోతాయి. రెండు వారాలు ఆగలేనివాళ్లకు తుప్పు వదిలించే, ఆమ్లం లేని ద్రావణాలు దొరుకుతాయి. ఒక రాత్రిలో పని అవుతుంది గానీ ఖర్చు ఎక్కువ.

పూత సంగతికి వస్తే, అన్నిటికీ ఒకే పూత వేయడం చాలామంది చేసే పొరపాటు. ఫాస్ఫేట్ పూతకు నలుపో బూడిద రంగో వస్తుంది. దీన్ని ఇంట్లోనే వేసుకోవచ్చు. గాజు పూసల బ్లాస్టింగ్‌తో, అంటే సన్నటి గాజు పూసలను గాలి ఒత్తిడితో కొట్టి, శుభ్రం చేసిన బోల్టులను 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిగా ఉన్న ఫాస్ఫేట్ ద్రావణంలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, కడిగి ఆరబెట్టి, నూనెలో వేయాలి. జింకు ఫాస్ఫేట్ లేత బూడిద రంగు ఇస్తుంది, మాంగనీసు ఫాస్ఫేట్ ముదురు రంగు ఇస్తుంది. తుప్పును ఆపేది ముఖ్యంగా ఆ నూనే గనుక ఆ మెట్టు దాటవేయకండి. స్టెయిన్‌లెస్ గిన్నె ఒకటి దీనికే కేటాయించి, పని ఆరుబయట చేయండి. నా ఫెండర్ బోల్టులు, బానెట్ హింజ్‌లు ఇలాగే అయ్యాయి.

తెల్లటి జింకు, బ్రేక్ బూస్టర్ మీద కనిపించే బంగారు రంగు క్రోమేట్ పూతలకు ప్లేటింగ్ షాపే మేలు. బంగారు రంగు కోసం పూర్వం వాడిన క్రోమియం రసాయనం విషం. ఇప్పుడు చాలా షాపులు దానికి బదులు తక్కువ హానికరమైనది వాడుతున్నాయి, రంగు కాస్త పాలిపోయినట్టు వస్తుంది. నమూనా చూపమని ముందే అడగండి. మొదటిసారి నేను ఒక షాపుకు సుమారు 80 బోల్టులు పంపాను. తళతళలాడుతూ తిరిగి వచ్చాయి గానీ ఆరు తక్కువయ్యాయి, మిగిలినవాటిలో సగానికి టీఆర్ అక్షరాలు కరిగిపోయాయి. ఆ రోజు పడిన బాధ ఇంకా గుర్తుంది. ఇప్పుడు తుప్పు నేనే వదిలించి, బోల్టులను తెల్ల కాగితం మీద పరిచి ఫోటో తీసి, లెక్క రాసి, ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచవద్దని చెప్పి పంపుతున్నాను. పది బోల్టులైనా బకెట్ నిండా ఉన్నా కనీస రుసుము ఒకటే కాబట్టి అన్నీ ఒకేసారి పంపడం లాభం.

స్ప్రింగులు, స్ప్రింగు క్లిప్పులు, గట్టిపరిచిన వాషర్లు ప్లేటింగ్‌కు పంపేటప్పుడు జాగ్రత్త. ఆమ్లంలోనూ ప్లేటింగ్ తొట్టిలోనూ పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది. బిగించినప్పుడు బాగానే ఉంటుంది, మర్నాడు ఎవరూ ముట్టుకోకుండానే విరుగుతుంది. పూత వేసిన కొద్ది గంటల్లోనే 190–200 డిగ్రీల దగ్గర కనీసం 4 గంటలు కాల్చాలి. షాపువాళ్లు ఆ పని చేయకపోతే వాటిని పంపకండి.

పోయిన బోల్టులకు కిట్ ఒక్కటే దారి అనుకోవద్దు. 1968–72 మధ్య షెవెల్, పాంటియాక్ లెమాన్స్, ఓల్డ్స్‌మొబైల్ కట్లస్, బ్యూక్ స్కైలార్క్ ఒకే కుటుంబం, బోల్టులు చాలావరకు కలుస్తాయి. ఎవరూ పట్టించుకోని నాలుగు తలుపుల మాలిబు (షెవెల్‌లోనే ఒక రకం) పాత ఇనుము యార్డులో కనిపిస్తే వదలకండి. ఉప్పు తగలని అరిజోనా వైపు యార్డుల నుంచి తెప్పించుకుంటే ఇంకా మంచిది. పెన్సిల్వేనియాలో కార్లైల్ సంతలోనూ, అక్టోబరులో హెర్షీ సంతలోనూ కాఫీ డబ్బాల నిండా పాత బోల్టులు అమ్ముతారు. ఏది ఎక్కడిదో తేల్చుకోవడానికి ఫ్యాక్టరీ అసెంబ్లీ మాన్యువల్ పునర్ముద్రణ దగ్గర ఉంచుకోండి. ప్రతి బొమ్మలోనూ బోల్టుల భాగం నంబర్లు ఉంటాయి.

స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టుల గురించి కూడా అడుగుతున్నారు. మామూలుగా దొరికే రకానికి గ్రేడ్ 5 అంత బలం లేదు, మర చుట్లు కరుచుకుపోతాయి, పైగా ఈ కారు మీద చూడ్డానికి నప్పదు. నేను వాడను.

బ్రేకులు, స్టీరింగ్, ఇంజిను లోపలి కనెక్టింగ్ రాడ్లు, సీటు బెల్టుల దగ్గర మాత్రం పాతవాటి మీద మమకారం పెట్టుకోవద్దు. అక్కడ సరైన గ్రేడు కొత్తవే బిగించండి, పాతవి డబ్బాలో దాచుకోండి. తలుపు హింజ్‌ల బోల్టులకైతే ఏ పూతా అక్కరలేదు. ఫ్యాక్టరీలో అవి బిగించాకే బాడీకి రంగు వేశారు. తుప్పు వదిలించి, తలుపు సరిగ్గా పడేలా బిగించి, బాడీ రంగే వాటి మీదా పడనివ్వండి.