కామన్స్ పూల్ 2: లైబ్రరీ మంచిదే, డిఫాల్టులతోనే చిక్కు

జావాలో ఆబ్జెక్ట్ పూలింగ్‌కి (ఒకసారి తయారైన ఆబ్జెక్టులను అరువిచ్చి, తిరిగి తీసుకుని మళ్లీ వాడటానికి) అపాచీ కామన్స్ పూల్ 2 గట్టి సరుకే. చాలాకాలం ప్రొడక్షన్‌లో వాడాక చెబుతున్న మాట ఇది. కానీ డిఫాల్టులను మార్చకుండా లైవ్‌లో పెట్టొద్దు.

ఏమీ సెట్ చేయకపోతే దాని పూల్ క్లాసు జెనరిక్‌ఆబ్జెక్ట్‌పూల్‌లో గరిష్ఠంగా 8 ఆబ్జెక్టులే. ఎనిమిదీ బయట ఉంటే తొమ్మిదో థ్రెడ్ ఎంతసేపైనా కాచుకుని ఉంటుంది, మ్యాక్స్‌వెయిట్ (గరిష్ఠంగా ఆగే సమయం) మైనస్ 1, అంటే హద్దు లేదు కాబట్టి. కోడ్‌లో ఏదో ఒక ఎక్సెప్షన్ దారిలో ఆబ్జెక్టును తిరిగిచ్చే రిటర్న్‌ఆబ్జెక్ట్ తప్పిపోయిందంటే, సర్వీసు చప్పుడు లేకుండా బిగుసుకుపోతుంది. లాగ్‌లో ఏమీ ఉండదు. థ్రెడ్ డంప్ తీస్తే థ్రెడ్లన్నీ ఆబ్జెక్టును అడిగే బారోఆబ్జెక్ట్ దగ్గర వరుసకట్టి కనిపిస్తాయి. మ్యాక్స్‌వెయిట్ 2 సెకన్లు పెట్టండి. అదే తప్పు నోసచ్‌ఎలిమెంట్‌ఎక్సెప్షన్‌గా మొదటి రోజే దొరుకుతుంది. రిటర్న్ ఎప్పుడూ ఫైనల్లీ బ్లాకులోనే. ఆబ్జెక్ట్ చెడిపోయిందని తెలిస్తే రిటర్న్ బదులు, దాన్ని పూల్ నుంచి తీసేసే ఇన్‌వ్యాలిడేట్‌ఆబ్జెక్ట్.

రెండో చిక్కు మిన్‌ఐడిల్, అంటే ఖాళీగా సిద్ధంగా ఉంచాల్సిన ఆబ్జెక్టుల కనీస సంఖ్య. 5 అని రాసినంత మాత్రాన ఐదు ఆబ్జెక్టులు సిద్ధంగా ఉండవు. ఆ లెక్క నిలబెట్టేది ఎవిక్టర్ థ్రెడ్ (ఖాళీగా ఉన్నవాటిని అప్పుడప్పుడూ చూసి, పాతబడినవి తీసేసేది), అది డిఫాల్టుగా నడవదు. పైగా పూల్ లిఫో పద్ధతిలో ఇస్తుంది: ఇప్పుడే తిరిగొచ్చినదే మళ్లీ వెళ్తుంది, అడుగున ఉన్నవి పడుకునే ఉంటాయి. అవి సాకెట్లైతే మధ్యలోని ఫైర్‌వాల్ తెంపేసినా పూల్‌కి తెలియదు. 30 సెకన్లకోసారి ఎవిక్టర్, దానితో టెస్ట్‌వైల్‌ఐడిల్ (ఖాళీగా ఉన్నవి పనిచేస్తున్నాయో లేదో పరీక్షించే సెట్టింగు) పెడితే చాలావరకు సర్దుకుంటుంది. రెడిస్ డేటాబేస్‌కి జావా క్లయింటైన జెడిస్ తన పూల్ కాన్ఫిగ్‌లో ఈ రెండూ ముందే పెట్టుకుంది, ఊరికే కాదు.

ఆబ్జెక్టు పూల్‌కి తిరిగొచ్చేటప్పుడు నడిచే పాసివేట్‌ఆబ్జెక్ట్‌ను ఖాళీగా వదిలేస్తే ఒకరి డేటా ఇంకొకరి చేతికి వెళ్తుంది. బఫర్ తుడవడం, యూజర్ వివరాలు తీసేయడం అక్కడే జరగాలి. అందులో ఎక్సెప్షన్ వస్తే పూల్ ఆ ఆబ్జెక్టును పారేసి, ఎక్సెప్షన్‌ను మింగేస్తుంది. స్వాలోడ్‌ఎక్సెప్షన్‌లిజనర్ తగిలించకపోతే ఆ సంగతే తెలియదు.

ఒకే ఆబ్జెక్టును రెండుసార్లు రిటర్న్ చేస్తే సాధారణంగా ఇల్లీగల్‌స్టేట్‌ఎక్సెప్షన్ విసురుతుంది, మెచ్చుకోవాల్సిందే. రిటర్న్ చేశాక కూడా పాత రిఫరెన్సు పట్టుకుని వాడేవాళ్లను మాత్రం ఏ పూలూ పట్టుకోలేదు.

స్ట్రింగ్‌బిల్డర్లు, చిన్న డీటీఓల (డేటా మోసే మామూలు ఆబ్జెక్టుల) కోసం దీన్ని తేవద్దు. లాకులకయ్యే ఖర్చే ఎక్కువ, ఆ పని గార్బేజ్ కలెక్టర్ చౌకగా చేస్తుంది.